బోర్లించిన కుండ

రాతిపనివాడు మాచన, సున్నపు బట్టీల గుల్లమ్మ ఎర్రమన్ను కొండ దిగి స్ఫటికపురి పొలిమేరలో కాలు పెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఉత్తరాన, వాళ్ళు విడిచి వచ్చిన ఉగ్రవేణి నది దిక్కున, ఆకాశం అంచు నల్లబడుతోంది. మాచన ఆగి వెనక్కి చూశాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ చూశాడు.

"ఎన్నిసార్లు చూసినా అది మబ్బేరా నాయనా," అంది గుల్లమ్మ గాడిదను అదిలిస్తూ. "నువ్వు గుడ్లురిమితే వెనక్కి పోతుందా? ముందు చూసి నడు."

స్ఫటికపురి గురించి విన్నవాళ్ళ సంగతి వేరు, చూసినవాళ్ళ సంగతి వేరు. విన్నవాళ్ళకు అది చంద్రకాంత శిలల ప్రాకారాలతో, పగడాల గడపలతో, నెమళ్ళు వాలే మరకత గోపురాలతో, వీధివీధినా పన్నీరు చిమ్మే జలయంత్రాలతో అమరావతికి సైతం కన్నుకుట్టించే మహానగరం. ఆ మాట అబద్ధం కాదు, సగం వరకు. ప్రాకారం సగమే ఉంది. గోపురం నడుము దాకా లేచి ఆగిపోయింది. దాని చుట్టూ కట్టిన పరంజాల మీద కాకులు గూళ్ళు పెట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు ఎగరడం కూడా నేర్పేశాయి. సత్రానికి గోడలున్నాయి, కప్పు లేదు. అందులో దిగిన బాటసారులు గొడుగులు పట్టుకుని కునుకు తీస్తున్నారు. న్యాయస్థానానికి కప్పు ఉంది, మెట్లు లేవు. న్యాయం కావలసినవాడు ఎవరి నిచ్చెన వాడు తెచ్చుకోవాలి.

దీనికంతటికీ మూలం కుండలు. ఆ రాజ్యంలో ఏటా ఫాల్గుణ పున్నమినాడు కోటలో కుండల పండుగ జరుగుతుంది. జరుగుతున్న ప్రతి కట్టడానికీ ఒక మట్టికుండ పెడతారు. చెరువుకొకటి, సత్రానికొకటి, వంతెనకొకటి. ఆ ఏడాదికి ఏ పనికెంతో రాజు స్వయంగా దోసిళ్ళతో బంగారం పోస్తాడు. బంగారం పడిన కుండ పని సాగుతుంది. రాజు కుండను బోర్లించాడా, ఆ క్షణం నుంచి ఆ కట్టడం మీద ఉలి పెట్టినవాడి బొటనవేలు తెగుతుంది. తాతల కాలంలో కుండ బోర్లించడమంటే నూటికో కోటికో జరిగే మాట. మేఘముష్టి అనే మాంత్రికుడు ఆస్థానంలో చేరి, మేఘమండపమనే కొత్త కట్టడానికి కుండ పెట్టించాక, బంగారమంతా ఏటేటా దాని కడుపులోకే పోతూ వచ్చింది. మిగతావి వరసగా బోర్లాపడ్డాయి.

కుండలతో పోయినా బాగుండేది. శాసనాలూ పూటకో తీరుగా మారాయి. పోయినేడు ఇటుక మీద సుంకం ఎత్తేశామని చాటించగానే ఊరూరా ఆస్తులు తాకట్టుపెట్టి ఇటుక బట్టీలు పేర్చారు. ఇటుక కాలేలోగా, ఇకమీదట రాతి కట్టడాలే కట్టాలని మరో చాటింపు. సరేనని గనులు తవ్వితే, రాయి తోలే బండ్లన్నీ మేఘమండపానికే తోలాలన్నారు. సున్నమైతే ముందు కోటకు కొలిచి, మిగిలింది అమ్ముకోవాలన్నారు. మిగిలితే కదా! సున్నానికి ముత్యాల ధర వచ్చాక జనం ఇసుకలో బూడిద కలిపి గోడలు పెట్టుకున్నారు. ఆ గోడలు తొలకరి జల్లుకే సాష్టాంగపడ్డాయి. గుల్లమ్మ బట్టీలు చల్లారిపోయాయి. "నా బట్టీలో ఇప్పుడు కుక్క ఈనింది," అని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు చూస్తే ఎదుటివాడికి ఏడుపొచ్చేది.

మాచన బాధ మరొకటి.

ఉగ్రవేణి పడవను బతకనిచ్చే నది కాదు. ఈ గట్టూ ఆ గట్టూ ఒకే రాజు ఏలుబడిలోనే ఉన్నా, కొండలు చుట్టి అవతలికి పోవాలంటే ఒక ఋతువు గడుస్తుంది. అందుకే అక్కడ వంతెన తలపెట్టినప్పుడు రాతిపనివాళ్ళ పెద్దలు తమ ఆనవాయితీ పాటించారు. పడమటి గట్టు మేస్త్రుల్లో ఒకణ్ణి, తూర్పు గట్టు పిల్లల్లో ఒకతెను ఎంచి, బాణానికి తాంబూలం కట్టి నది మీదుగా కొట్టారు. నిశ్చయమైపోయింది. కమాను సగాలు రెండు గట్ల నుంచీ పెరిగి వచ్చి, వాటి నడినెత్తిన ఆఖరి రాయి పడిన రోజున, ఆ నడిరాయి మీదే ఆ జంటకు పెళ్ళి. కలవకముందే కమాను కూలిందా, అది అచ్చిరాని జంట. జన్మలో ఒకరినొకరు తలవకూడదు.

అలా మాచనకు మైలమ దక్కింది. పేరే దక్కింది. మొదటి ఏడాదంతా అవతలి గట్టున ఒక చుక్క కదిలేది, అది తనదే అనుకునేవాడు. కమాను సగాలు గాలిలోకి పెరిగేకొద్దీ ఆ చుక్కకు చీర రంగు వచ్చింది. ఆ తర్వాత నడక వచ్చింది. ఆపైన గొంతు వచ్చింది. ఆ గొంతు మొట్టమొదట అన్న మాట: "ఏమయ్యోయ్! మీవైపు వరస వంకరపోతోంది. కళ్ళు పెట్టుకుని కట్టు!" ఆ పూట మాచన అన్నం ముట్టలేదు. ఆకలి ఉంటే కదా. అక్కణ్ణుంచి ప్రతి సాయంత్రం పని ఆపాక ఇద్దరూ చెరో కొసనా కూర్చుని కబుర్లాడేవారు. ముక్కుపుడక కనబడింది. నవ్వితే బుగ్గన పడే సొట్ట కనబడింది. చెరో చెయ్యి చాస్తే వేళ్ళ మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడం మిగిలిందనగా, కోటలో వంతెన కుండ బోర్లాపడింది. ఆగిన పని మీద ఎవరూ కాలు మోపరాదని రెండు గట్లనా కాపలా పెట్టారు. ఆనాటి నుంచి మాచన ఆమెను చూడలేదు. చూడని రోజు ఎలా గడుస్తుందో అతనికి ఇంకా అలవాటు కాలేదు.

ఆగిన పని ఆగినచోటే ఉంటుందనుకునేది బంగారం పోసేవాళ్ళే. అది వెనక్కి నడుస్తుంది. నడిరాయి పడేదాకా కమాను సగాలకు సొంతంగా నిలబడే సత్తువ లేదు. వాటి బరువంతా నదిలో పాతిన దూలాల పందిరి మోస్తూ ఉంటుంది. ఆ దూలాలు నానిపోతున్నాయి. మేస్త్రులు కోతలకు పోయారు, గుత్తదారు చెప్పాపెట్టకుండా ఊరొదిలాడు. ఇక కొత్తనీరు వచ్చిందంటే పందిరి పోతుంది. పందిరితో కమాను, కమానుతో మైలమ. ఆలోగా వంతెన కుండను మళ్ళీ నిలబెట్టించాలని మాచన బయలుదేరాడు. చల్లారిన బట్టీల దగ్గర కూర్చుని చేసేదేముందని గుల్లమ్మ తోడొచ్చింది.

కోట సింహద్వారం దగ్గర భటులు వచ్చినవాళ్ళ అరచేతులు తిప్పి చూస్తున్నారు. కాయలు కాసిన చేతులుంటే మెడబట్టి గెంటుతున్నారు. కుండ బోర్లాపడిన పనివాళ్ళెవరూ మొరపెట్టుకోవడానికి లోపలికి రాకూడదని మేఘముష్టి ఆజ్ఞ.

గుల్లమ్మ కాసేపు చూసి, కప్పులేని సత్రానికి దారితీసింది. అక్కడ ఆటలు లేక ఈగలు తోలుకుంటున్న వీధి నాటకాల మేళమొకటి దిగి ఉంది. గాడిదను వాళ్ళకిచ్చి, రాజవేషం ఒకటి, దాది వేషం ఒకటి పుచ్చుకుంది. గాడిద మెడను మాత్రం రెండుసార్లు నిమిరి వదిలింది. కాసేపటికి ముత్యాల దీవి యువరాజు, వారి దాది సింహద్వారం ముందు నిలబడ్డారు. తలపాగా నిండా గాజుముత్యాలు తళతళలాడుతున్నాయి.

"చెయ్యి చూపించండి యువరాజా," అన్నాడు భటుడు. చూసి కనుబొమలు ముడిచాడు. "ఈ కాయలేమిటి?"

"కత్తి తిప్పిన కాయలురా వెర్రి వెధవా!" అని గుల్లమ్మ గయ్యిమంది. "మా బాబు పాలు మానకముందే కత్తి పట్టాడు. ఎలా తిప్పుతాడో చూపించమంటావా? మెడ ఇటు పెట్టు."

భటుడు మెడ తడుముకుని దారి వదిలాడు.

ముత్యాల దీవి పేరు చెవిన పడగానే మేఘముష్టి ఎదురొచ్చాడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నడిస్తే అడుగుల చప్పుడు లేదు. గడ్డం కొస నుంచి పొగ సన్నగా లేస్తోంది. కొత్త ముత్యాలు కుండలో పడతాయన్న ఆశ ముఖాన కనబడుతుండగా, అతిథిని నేరుగా మేఘమండపానికి తీసుకుపోయాడు.

ఏం మండపమది! నీలిమబ్బులను పేనినట్టున్న స్తంభాలు. వాటి మీద మెరుపుతీగలు పాకి పూసి రాలుతున్నాయి. నేల మీద పరచిన వెన్నెల పాదం మోపితే వలయాలుగా కదులుతోంది. ఇంద్రధనుస్సు ముక్కలతో తోరణాలు, తోరణాల సందున గంధర్వులు పాడి వదిలేసిన రాగాలు. లోపలి గర్భమండపం వాకిట్లో ఒక పెద్ద కమాను మాత్రం ఇంకా కలవలేదు. రెండు సగాలూ ఒకదానికేసి ఒకటి వంగి, నడుమ రాయి కోసం ఎదురుచూస్తూ ఆగి ఉన్నాయి.

ఆ కమాను కిందికి రాగానే యువరాజు తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు.

గుల్లమ్మ అతని మోచెయ్యి గిల్లింది. రాతిపనివాడు నడిరాయి పడని కమాను కింద తలపాగాతో నడవడు. పుట్టిన కులంలో ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద అది. తీశానన్న ఎరుక కూడా మాచనకు లేదు. ఆ రెండు సగాలను చూస్తుంటే అతనికి మబ్బుస్తంభాలు కనబడలేదు, మాంత్రికుడు కనబడలేదు. తన వంతెనే కనబడింది. అవతలి కొసన ముక్కుపుడక కోసం కళ్ళు వెతుక్కున్నాయి.

"ముత్యాల దీవిలో యువరాజులు రాళ్ళు కొడతారన్నమాట," అన్నాడు మేఘముష్టి మెల్లగా. అతను చిటిక వేయగానే గడ్డం పొగ తాళ్ళై వచ్చి మాచన రెక్కలు విరిచికట్టింది.

శిక్షకని భటులు ఇద్దరినీ ఈడ్చుకుపోయిన కుండల సావిడిలో రాజు హేమాంగదుడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ గోడవారగా వందల కుండలు బోర్లాపడి ఉన్నాయి. వాటి మీద దుమ్ము పట్టింది. నిలిచి ఉన్నవి మూడే.

"నీ పేరేమిటి?" అన్నాడు రాజు.

"మాచనండి ప్రభూ. ఉగ్రవేణి వంతెన మాచన."

"ఒక వంతెన కోసం తల పోగొట్టుకోవడానికి వచ్చావా?"

"వంతెన కోసమని అబద్ధమెందుకు చెప్పాలి? అవతల మైలమ ఉంది ప్రభూ."

భటులు కిసుక్కున నవ్వారు. రాజు నవ్వలేదు. మాచన ఉన్నదంతా చెప్పాడు, బాణానికి కట్టిన తాంబూలం నుంచి నానుతున్న దూలాల వరకు. రాజు చివరిదాకా విన్నాడు.

"బొక్కసం ఖాళీ. మా తాతలు రాయించిన కట్టు ఒకటుంది," అన్నాడు విని. "బోర్లించిన కుండ లేవాలంటే నిలిచిన కుండ ఒకటి పడాలి. అడిగినవాడి చేత్తోనే పడాలి. ఒకటి మంచినీటి బావులది. ఒకటి ఉగ్రవేణి తూర్పుగట్టు కరకట్టది. మూడోది మేఘమండపానిది. ఏది పడగొడతావో చూసుకో."

మేఘముష్టి పొగతాళ్ళు సడలించి మాచన చెవి దగ్గరికి వంగాడు. "కరకట్ట కుండ చిన్నదయ్యా. ఎవరికీ తెలియదు. దాని కిందివి నాలుగు పల్లెలేగా."

"మైలమది ఆ గట్టే."

"ఆమె పల్లెలో ఎందుకుంటుంది? నడిరాయి మీద, నీ పక్కన, పెళ్ళికూతురై ఉంటుంది."

ఆశకు సిగ్గు ఉండదు. మాచన చెయ్యి నిజంగానే కరకట్ట కుండ అంచు మీద పడింది. ఒక్క తోపు తోస్తే చాలు, వంతెన లేస్తుంది. అప్పుడు ఎక్కడినుంచో సాయంకాలాల గొంతులు చెవిన పడ్డాయి. మైలమ వెనకనుంచి వినిపించే గొంతులు. "మైలా, కూడు చల్లారిపోతోందే!" అని కేకేసే వాళ్ళమ్మ. "అక్కను ఇంకాసేపు ఉండనీవే," అని పక్కన ఎవరో. వాళ్ళ ముఖాలు అతను చూడనే లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని మూడో కుండ వైపు నడిచాడు.

"దాన్ని ముట్టకు!" అని రాజు సింహాసనం దిగి వచ్చాడు. అతని గొంతులో అధికారం లేదు, బతిమాలుకోలు ఉంది. "నీకు తెలియదు. నా కువలయదేవి పోయి చాలా ఏళ్ళయింది. ఆ మండపం పూర్తయిన రోజున ఆమె నాకు దక్కుతుంది. ఒక్కొక్క ఏటి బంగారం పడ్డప్పుడల్లా ఒక్కొక్క అడుగు దగ్గరికి వస్తోంది. మొదట నీడ కనబడింది. తర్వాత కొంగు కనబడింది. ఇప్పుడు ముఖం కూడా... ఇంకొక్క కుండ అంటున్నాడు మేఘముష్టి సిద్ధుడు."

మాచన రాజును చూశాడు. అంతవరకు ఆ మనిషిని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు తిట్టు నోటికి రాలేదు. చుక్కకు చీర రంగు రావడం ఎలా ఉంటుందో తనకు తెలుసు.

"మాట్లాడుతుందా ప్రభూ?"

"ఏమిటి?"

"అమ్మగారు. తమరితో మాట్లాడుతుందా?"

రాజు మూడో కుండ అంచు నిమిరాడు. "నవ్వుతుంది," అన్నాడు. "నేనేమన్నా నవ్వుతుంది."

"మా మైలమ తిడుతుంది ప్రభూ. బతికున్నవాళ్ళు తిడతారు."

రాజు తల తిప్పుకున్నాడు. ముట్టవద్దని మళ్ళీ అనలేదు.

మేఘముష్టి గడ్డంలోని పొగంతా పడగలెత్తి మాచన మీద విరుచుకుపడింది. ఒకటి గొంతుకు చుట్టుకుంది, ఒకటి మోకాళ్ళకు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా మాచన కుండను భుజంతో ఎత్తి తోశాడు. ఇన్నేళ్ళ బంగారం తిన్న కుండ గుమ్మడికాయంత బరువు కూడా లేదు. నేలమీద పడి దొర్లింది. అందులోనుంచి ఒక్క రవ్వ రాలలేదు. గుప్పున పొగ వెలువడింది. ఆ పొగలో పట్టుచీరలో ఒక స్త్రీ నవ్వుతూ నిలబడింది, నవ్వుతూనే పలచబడింది, నవ్వుతూనే లేకుండా పోయింది. బయట మండపం స్తంభాలు ఒక్కొక్కటే మబ్బులై లేచిపోయాయి.

"నా ఇల్లు కూల్చావు!" అని అరుస్తూ మేఘముష్టి తానూ మబ్బై కిటికీలోంచి దూకాడు. "పోరా! నీ పందిరికి కొత్తనీరు నేనే తెస్తాను!" నల్లటి మబ్బు ఉరుముకుంటూ ఉత్తరానికి పరుగెత్తింది.

రాజు నేలమీద కూలబడ్డాడు. గుల్లమ్మ గబగబా పోయి, ఎవరినీ అడగకుండా, తన దాది వేషపు కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. "ఏడు నాయనా, ఏడు. ఇన్నాళ్ళూ ఏడవనివ్వలేదు వాడు."

ఎంతసేపటికో హేమాంగదుడు లేచాడు. బోర్లాపడ్డ వాటి మధ్య వెతికి, వంతెన కుండను తన చేతులతో తీసి, దుమ్ము తుడిచి నిలబెట్టాడు. కుండ నిలబడితే పని నిలబడినట్టే, కానీ వట్టికుండ నిలబెట్టకూడదు. పొయ్యడానికి రాజ్యంలో ఏముంది? రాజు నడుముకు కట్టుకున్న చిన్న మూట విప్పాడు. అందులో వెండి మట్టెలు ఒక జత ఉన్నాయి, అరిగి పలచబడినవి. వాటిని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి కుండలో వేశాడు.

"ఇంతే ఉంది," అన్నాడు. "దీన్ని పనిచోట దించాకే ఉలి పట్టండి. నా గుర్రం తీసుకుపో."

ఆ గుర్రం పేరు పవనలేఖ. నేలకు కాళ్ళు అప్పుడప్పుడు మర్యాదకు మాత్రమే ఆనించే జాతి. మాచన కుండను ఒడిలో పెట్టుకున్నాడు, గుల్లమ్మ వెనక కూర్చుంది. కొండలూ తోపులూ గిర్రున వెనక్కి పోయాయి. దారిపొడుగునా పొలాల్లో వంగి కోస్తున్న మేస్త్రులకు గుల్లమ్మ గొంతు చించుకుని కేకలేస్తూనే ఉంది. "కుండ లేచిందిరోయ్! వంతెన కుండ లేచింది!" కొడవళ్ళు కిందపడ్డాయి. కూలెంతని ఒక్కడూ అడగలేదు. అడిగితే గుల్లమ్మ ఏం చెప్పేదో దేవుడికెరుక.

ఉగ్రవేణి ముందరి కొండ మలుపులో దారి మీద మబ్బు దిగింది. మబ్బు విడిపోగానే ఎదురుగా వంతెన! పూర్తయిన వంతెన. నున్నగా చెక్కిన నడిరాయి మీద పెళ్ళిబొట్టుతో మైలమ నిలబడి, రెండు చేతులూ చాచింది. "వచ్చారా స్వామీ! రండి," అంది. ముక్కుపుడక మెరిసింది. బుగ్గన సొట్ట పడింది.

మాచన కళ్ళెం లాగాడు. ఇది మాయేనని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కాళ్ళు ఆగుతాయా? అంత దగ్గరగా ఆమెను ఎన్నడూ చూడలేదు. గుల్లమ్మ రెక్క పట్టి గుంజుతున్నా వదిలించుకుని గుర్రం దిగాడు. ఒకడుగు వేశాడు. వేలికొస ఆమె వేలికొసకు జానెడు దూరంలో ఆగింది.

"నన్నొకసారి తిట్టవే," అన్నాడు. "ఒక్కసారి తిట్టు, వచ్చేస్తాను."

మైలమ నవ్వింది. ఇంకా తీయగా నవ్వింది.

మాచన కళ్ళు మూసుకుని వెనక్కి నడిచాడు. తెరిచేసరికి అతని అడుగు పడబోయిన చోట నేల లేదు, పాతాళం దాకా లోయ ఉంది. గుర్రమెక్కాక చాలాసేపు అతని భుజాలు కదులుతూనే ఉన్నాయి.

నది కనబడేసరికి పొద్దు వాలుతోంది. కొత్తనీరు వచ్చేసింది. ఎర్రటి సుళ్ళు చెట్లను పెకలించుకుని వచ్చి దూలాల పందిరిని ఢీకొడుతున్నాయి. కొట్టినప్పుడల్లా కమాను సగాలు రెండూ ఒళ్ళు జలదరించినట్టు కదులుతున్నాయి. కాపలా భటులు వరద చూసి పారిపోయారు. పొలం నుంచి పొలానికి పాకిన కేక విని ముందే చేరిన మేస్త్రులు నడిరాయికి మోకులు కట్టి కప్పీకి తగిలించి, కుండ కోసం కాచుకుని ఉన్నారు. మాచన గట్టున కుండ దించి, వానలో జారుతూ లేస్తూ తన సగం కొసకు పరుగెత్తాడు.

అవతలి కొసన మైలమ నిలబడి ఉంది. జుట్టు విడిపోయి ముఖానికి అతుక్కుంది. చీర నిండా బురద. ఆమె వెనక వాళ్ళ పల్లె పల్లెంతా మోకులు పట్టుకుని నిలబడింది. మైలమ మాయలో చూసినంత అందంగా లేదు. మాచనకు కళ్ళు మసకబారాయి.

"ఎక్కడ చచ్చావయ్యా ఇన్నాళ్ళూ?" అని ఆమె అరిచింది. "కుండ లేచిందా?"

"లేచింది!"

"ఎంత పోశాడు రాజు?"

మాచన ఆమె భుజం మీదుగా చూశాడు. అటు వెనక నిలబడ్డవాళ్ళంతా పస్తులతో ఉన్నవాళ్ళే. ఏదో ఒక అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆమె ముఖం చూశాక చేతకాలేదు.

"ఒక జత మట్టెలు, మైలమా! అంతే! ఇంకేం లేదు!"

హోరులో వినబడలేదేమో అనుకున్నాడు. ఆమె కొంగుతో ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది.

"మట్టెలున్నాయా?" అంది. "మరి ఇంకా నిలబడి చూస్తావేమయ్యా? రాయెత్తు!"

కింద పందిరిలో దూలమొకటి ఫెళ్ళున విరిగింది. మాచన మోకు భుజానికి చుట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.